ఏడోసారి తోడుకోని పాలు

రూత్ వచ్చే నెల నుంచి ఒక హైస్కూల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరుతోంది. మొన్న ఆదివారం, ఈ దేశంలో మేముండే టార్నీట్‌లో మా తెలుగు ఆరాధన అయ్యాక, ఇద్దరం కుర్చీలు మడతపెడుతుంటే అడిగింది.

"అక్కా, అసలు ఆ ఉద్యోగంలో ఏం చేస్తారు? యాడ్ చదివితే గ్లాసులు కడిగే పనిలా ఉంది."

సగం అదేనన్నాను. మిగతా సగం చెప్పేలోపు పాప ఏడ్చింది. ఆ మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. పాప పడుకున్నాక, మధ్యమధ్యలో లేచి చూసి వస్తూ రాస్తున్నది కాబట్టి అక్కడక్కడా అతుకులు కనిపిస్తాయి.

ఆ పని నేను ఆరేళ్ళు చేశాను. ముప్ఫై మూడేళ్ళకు రిటైరయ్యానంటే మా ఆయన నవ్వుతాడు. అయినా మానేసిన ఉద్యోగం మానేసినదే. బాపట్లలో చదివిన మైక్రోబయాలజీ నాకు మొదటి రెండు వారాలు పనికొచ్చింది. తర్వాతదంతా అక్కడే నేర్చుకున్నాను. జీతం, సర్టిఫికెట్లు, పోలీస్ చెక్ ఇవన్నీ వెబ్‌సైట్లో ఉంటాయి. అవి రాయను.

ప్రెప్ రూమ్

రెండు ల్యాబ్‌ల మధ్య కిటికీ లేని గది ఒకటి ఉంటుంది. దాన్ని ప్రెప్ రూమ్ అంటారు. నీ ఉద్యోగం అక్కడ. ఏ రోజు ఏ పీరియడ్‌కి ఏమేం కావాలో టీచర్లు వారం ముందే ఫారం నింపి ఇవ్వాలి. మంచి టీచర్లు ఇస్తారు. మిగతావాళ్ళు బెల్లుకి పది నిమిషాల ముందు తలుపులోంచి తల పెట్టి, "ఇరవై ఐదు మందికి గొర్రె గుండెలు ఉన్నాయా?" అంటారు. లేవు అని చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. మనవాళ్ళకు ఆ మాట తొందరగా నోటికి రాదు. నువ్వు మొదటి వారంలోనే నేర్చుకో. లేకపోతే ఆ గుండెల కోసం మధ్యాహ్నం అన్నం మానుకుని మాంసం కొట్టు చుట్టూ తిరుగుతావు.

ఆమ్లాలు పలచన చేయడం, ట్రాలీ సర్దడం, కత్తులు లెక్కపెట్టడం. ఇరవై ఐదు ఇస్తే ఇరవై ఐదూ వెనక్కి రావాలి. సాయంత్రం గ్యాస్ కుళాయిలన్నీ మూశారో లేదో చూడాలి. ఒకసారి చూసి, కారు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చూసే మనిషిని నేను. ఇంట్లో ఆ అలవాటంటే అందరికీ విసుగు. ప్రెప్ రూమ్‌లో మాత్రం అది అర్హత. నా చేత పెద్ద తప్పు చేయించింది కూడా అదే కంగారు.

నాకు పని నేర్పింది బెవ్. నాకంటే ముప్ఫై ఏళ్ళు పెద్దది. మొదటి వారం ఆమెను మేడమ్ అన్నాను. "మేడమ్ ఎవరో వచ్చారనుకుని వెనక్కి తిరిగి చూశాను," అంది. అప్పటినుంచి బెవ్ అనే పిలిచాను. ఆమె సింకు పైన ఒక అట్టముక్క అంటించి పెట్టింది: పేరు రాయి, తేదీ రాయి, నీది కాకపోతే ముట్టుకోకు.

రెండో శుక్రవారమే ఆ మూడోది మర్చిపోయాను. పక్క ల్యాబ్ కిటికీ అరుగు మీద ఎనిమిది సీసాల్లో మురికినీళ్ళు, పాచి, వాసన. నేను వాటిని తళతళలాడేలా కడిగి బోర్లించాను. అవి ఎనిమిదో తరగతి పిల్లలు చెరువు నీటిలో ఏం పెరుగుతుందో చూడటానికి నెలరోజులుగా పెంచుతున్న సీసాలు. బెవ్ అరవలేదు. "నువ్వే వెళ్ళి క్లాసులో చెప్పు," అంది. చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు, "పర్లేదు మిస్, కనీసం కంపు పోయింది," అన్నాడు. అందరూ నవ్వారు. సోమవారం కాలనీ వెనక చెరువు నుంచి కొత్త నీళ్ళు తెచ్చుకున్నారు. అంత తేలిగ్గా తీరిపోయేసరికి ఆ తప్పు నాకు ఏమీ నేర్పలేదు.

గోడ మీది కాగితాలు

మా స్కూల్లో ఒక అలవాటు ఉంది. పన్నెండో తరగతి పిల్లలు చివరి పరీక్షల సెలవులకు వెళ్ళే ముందు వారం, సైన్స్ విభాగం హెడ్ హెలెన్ అందరికీ ఒక్కో కాగితం ఇస్తుంది. అందులో ప్రశ్న ఒకటే. హైస్కూల్లో నువ్వు చేసిన సైన్స్ ప్రాజెక్టుల్లో నీకు బాగా నచ్చినది ఏది, ఎందుకు? పేరు రాయొచ్చు, రాయకపోవచ్చు. పిల్లలు వాటిని పెట్టెలో వేస్తారు. వాటిని తీసి కారిడార్ గోడకు అంటించడం నా పని. ఆరేళ్ళలో నేను ఇష్టంగా చేసిన పనుల్లో అదొకటి.

మొదటి ఏడాది, బహుమతులు వచ్చిన ప్రాజెక్టుల గురించి రాస్తారనుకున్నాను. దాదాపు ఎవరూ రాయరు. ఒక అమ్మాయి మ్యాగ్‌పై పక్షుల గురించి రాసింది. వసంతకాలంలో అవి గూడు కాపాడుకోవడానికి దారినపోయేవాళ్ళ తల మీదికి దూకుతాయి. ఏ రంగు టోపీ పెట్టుకుంటే దూకవో చూద్దామని ఆ పిల్ల రెండు వారాలు ఒకే చెట్టు కింద రోజుకో టోపీతో నడిచింది. "అన్ని టోపీలకూ దూకాయి. వాటి దృష్టిలో నేనే సమస్య," అని రాసింది. ఇంకొకడు అట్టపెట్టె, వెండి కాగితంతో సోలార్ పొయ్యి చేశాడు. "మూడు గంటలకు సాసేజ్ గోరువెచ్చగా అయింది. తర్వాత అందరం బార్బెక్యూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాం. నా జీవితంలో తిన్నవాటిల్లోకెల్లా మంచి సాసేజ్ అదే." ఆట స్థలంలో రబ్బరు నేల గడ్డికంటే ఎంత వేడెక్కుతుందో కొలిచిన అమ్మాయి, చిన్నపిల్లల పాదాల గురించి నగర కౌన్సిల్‌కు ఉత్తరం రాసి, జవాబు రాలేదని రాసింది.

వాళ్ళకు నచ్చినవి వాళ్ళ చేతులతో చేసినవి, అనుకున్నట్టు జరగనివి.

పెద్దవాళ్ళ చెయ్యి

ఇప్పుడు మనవాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. ఆ చుట్టుపక్కల మన పిల్లలు చాలామంది. ప్రాజెక్టుల రోజున ఏ బల్ల మీద అమ్మానాన్నల చెయ్యి పడిందో దూరం నుంచే తెలిసిపోయేది. ఏడో తరగతి కుర్రాడి బల్ల మీద సిరంజీలతో నడిచే నీటి క్రేను, వెల్డింగ్ చేసిన స్టాండుతో సహా ఉండేది. "ఇది ఎలా పనిచేస్తుంది?" అని హెలెన్ అడిగితే, ఆ పిల్లాడు వెనక నిలబడ్డ నాన్న వైపు చూసేవాడు. నాన్న పెదవులు కదిపేవాడు.

ఒకసారి ఒక తల్లి కారు దగ్గర నాతోనే అంది. "వాడికి వదిలేస్తే మార్కులు రావండీ. మేం రాత్రంతా కూర్చుని చేశాం."

ఇంటికి వచ్చి మా ఆయనకు చెప్పి నవ్వేదాన్ని. పిల్లల ప్రాజెక్టులో వేలు పెట్టడం ఎంత తప్పో చాలా తెలివిగా మాట్లాడేదాన్ని. నేను ఏ సిరంజీలూ వెల్డింగులూ చేయలేదు. నేను చేసింది ఒక్క స్పూను పని.

శ్రీజ, నానమ్మ, రెండు తోడులు

శ్రీజ పదో తరగతి. వాళ్ళది కరీంనగర్. రెండేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చిందట. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం సగానికి పైగా ఇంగ్లీషులోనే. బడిలో నన్ను మిస్ అనేది. మా వీధి చివరి ఇండియన్ షాపులో కనిపిస్తే ఆంటీ అనేది. ఈ రెంటినీ ఎప్పుడూ కలపలేదు.

ఆ ఏడు పదో తరగతి వాళ్ళు ఒక టర్మ్ అంతా సొంత ప్రయోగం చేయాలి. శ్రీజ ప్రెప్ రూమ్‌కి వచ్చింది.

"మిస్, క్యాన్ ఐ డూ యోగర్ట్? నానమ్మ సేస్ షాప్ యోగర్ట్ తోడుకి పనికిరాదంట. ఫోర్ ఆర్ ఫైవ్ టైమ్స్ అయితే చచ్చిపోతుందంట. ఐ సెడ్ ప్రూవ్ ఇట్."

"ఆవిడేమంది?"

"నువ్వే ప్రూవ్ చెయ్ అంది."

వాళ్ళ నానమ్మ మూడేళ్ళ క్రితం ఇక్కడికి వచ్చింది. విమానంలో పెరుగు తేనివ్వరు కదా. వచ్చిన వారమే గోరువెచ్చని పాలలో పచ్చిమిరపకాయ తొడిమలు వేసి తోడు పుట్టించింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ఆ తోడు తెగలేదు. ఇక్కడి కొట్టులో కొన్న పెరుగు డబ్బాను ఆవిడ నమ్మదు. మొదటిసారి బాగానే తోడుకుంటుంది, దాన్ని మళ్ళీ తోడు వేస్తే పలచనవుతుంది, ఇంకోసారి వేస్తే ఇంకా పలచన, చివరికి పాలు పాలుగానే ఉంటాయి అని ఆవిడ వాదన. మనవరాలు నమ్మలేదు. ఇద్దరూ పందెం వేసుకున్నారు.

ఎవరూ రుచి చూడకూడదన్న షరతు మీద హెలెన్ ఒప్పుకుంది. పద్ధతి మామూలే. షాపు తోడుతో మూడు సీసాలు, నానమ్మ తోడుతో మూడు సీసాలు. వారానికి మూడుసార్లు, ముందటి సీసాలోంచి ఒక్కో స్పూను తీసి కొత్త పాలలో వేయాలి. అలా పదిసార్లు. పొద్దున క్లాసులకు ముందు శ్రీజ తోడు వేసేది. సీసాలను నలభై డిగ్రీల ఇంక్యుబేటర్లో పెట్టడం, సాయంత్రం తీయడం నా వంతు. తర్వాత ఆ పిల్ల వచ్చి, ప్రతి సీసాలోనూ ఒక గాజు గోళీ నెమ్మదిగా వదిలేది. పెరుగు గట్టిగా ఉంటే గోళీ పైనే నిలుస్తుంది. పలచనైతే దిగుతుంది. ఎంత దిగిందో స్కేలుతో కొలిచి రాసేది.

నానమ్మ సీసాల్లో గోళీ ప్రతిసారీ పైనే కూర్చుంది. షాపు సీసాల్లో నాలుగోసారికి దిగడం మొదలైంది. ఆరోసారికి సగం మునిగింది.

"షి ఈజ్ గోయింగ్ టు బి సో హ్యాపీ," అంది శ్రీజ మొహం చిట్లించి. "ఇంటికెళ్ళి చెప్పను మిస్. పది అయ్యేదాకా చెప్పను."

బుధవారం

ఏడోసారి బుధవారం. శ్రీజ పొద్దున తోడు వేసి, తరగతితో పాటు మ్యూజియం చూడటానికి వెళ్ళిపోయింది. గోళీ పరీక్ష మర్నాడు పొద్దున చేస్తానంది. నేను సీసాలు అందుకుంటుండగానే అగ్నిప్రమాద డ్రిల్లు గంట కొట్టారు. అందరం మైదానంలో గంటసేపు వరసల్లో నిలబడ్డాం. తిరిగి వచ్చి, పది దాటాక సీసాలను ఇంక్యుబేటర్లో పెట్టాను.

మధ్యాహ్నం రెండున్నరకు తలుపు తీసి చూశాను. షాపు సీసాలు మూడూ పాలలాగే ఉన్నాయి. వంచితే నీళ్ళలా కదిలాయి.

నేను ఆలస్యంగా పెట్టడం వల్లే ఇలా అయిందనుకున్నాను. నా వల్ల పిల్ల ప్రయోగం తెగిపోయింది, ఎల్లుండికి తోడు వేయడానికి ఏమీ మిగలలేదు, వారాల కష్టం పోయింది అనుకున్నాను. పక్కనే నానమ్మ సీసాలు మూడూ చక్కగా తోడుకుని ఉన్నాయి. అవీ అదే బెంచీ మీద అంతసేపూ ఉన్నవే. ఆ సంగతి కళ్ళకు కనిపించింది, బుర్రకెక్కలేదు.

మా ఇంట్లో పొద్దున్నే మూత తీసి పాలు తోడుకోలేదంటే అమ్మ ఎవరినీ ఏమీ అడిగేది కాదు. పక్కింటికి గ్లాసిచ్చి పంపేది, ఇంత తోడు తెమ్మని. పెళ్ళయ్యాక నేనూ అంతే. పాలు తోడుకోకపోవడమంటే ఎవరిదో పొరపాటు. ఎవరూ చూడకముందే సర్దేయాలి. నా చేతులకు తెలిసింది అదొక్కటే.

స్టాఫ్‌రూమ్‌కి వెళ్ళాను. ఫ్రిజ్‌లోంచి నా లంచ్ బాక్స్ తీశాను. పెరుగన్నంలోకి వేరే డబ్బాలో తెచ్చుకున్న పెరుగు ఇంకా కొంచెం ఉంది. ల్యాబ్‌లోకి తినేవి తేకూడదన్న నియమాన్ని కోటు చాటున దాటించి, మూడు షాపు సీసాల్లోనూ ఒక్కో స్పూను వేసి కలిపాను. రాత్రంతా ఇంక్యుబేటర్లోనే ఉంచాను. పొద్దున ఏడున్నరకు వచ్చి చూస్తే రాయిలా తోడుకున్నాయి. హమ్మయ్య అనుకుని ఫ్రిజ్‌లో పెట్టాను.

శ్రీజ గోళీ వదిలింది. పైనే నిలిచింది. ఇంకో సీసా, అదీ నిలిచింది. ఆ పిల్ల నా వైపు చూసింది.

"మిస్. ఇట్ కేమ్ బ్యాక్."

నేను నవ్వాను.

మూడు వారాలు

ఎనిమిది, తొమ్మిది, పది. గోళీ పైనే. ఉండక ఏమవుతుంది, అప్పటినుంచి ఆ సీసాల్లో ఉన్నది మా ఇంటి పెరుగు.

శ్రీజ గ్రాఫ్ గీసింది. గీత మెల్లగా దిగుతూ వచ్చి, ఏడు దగ్గర ఒక్కసారిగా పైకి లేచింది. దానికి కారణం కూడా ఆలోచించింది. బలహీనమైన బ్యాక్టీరియా చచ్చిపోయి బలమైనవి మిగిలాయని, వాటి సంతతే మళ్ళీ పెరిగిందని రెండు పేజీలు రాసింది. ఎంత బాగా రాసిందంటే, చదువుతుంటే ఒక నిమిషం నేనే నమ్మబోయాను. హెలెన్‌కు చాలా నచ్చింది. స్కూలు నుంచి రాష్ట్రస్థాయి పోటీకి ఒక్క ప్రాజెక్టే వెళ్తుంది. ఇదే పంపుదామంది.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. నా కాంట్రాక్టు ఏడాదికోసారి పొడిగించేది, ఆ నిర్ణయం హెలెన్ చేతిలో ఉంది. అది సగం కారణం. పిల్ల సంతోషంగా ఉంది, టీచరు సంతోషంగా ఉంది, పెరుగే కదా, ఎవరికి నష్టం అనుకోవడం మిగతా సగం. కంగారుపడే మనిషికి తనను తాను సముదాయించుకోవడం బాగా చేతనవుతుంది.

పోటీకి ముందు సైన్స్ సాయంత్రం పెట్టారు. జిమ్ హాల్లో బల్లలు, తల్లిదండ్రులు. నాకు టీ, బిస్కెట్ల బల్ల అప్పజెప్పారు. అది శ్రీజ బల్ల పక్కనే. చలికాలం. నానమ్మ నేత చీర మీద మనవరాలి మందపాటి పఫర్ జాకెట్, కాళ్ళకు స్పోర్ట్స్ బూట్లు వేసుకుని వచ్చింది. నేరుగా సీసాల దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు సవరించుకుని చూసింది.

"ఏందే, ఇది షాపు తోడా?"

"యెస్, నానమ్మా. లుక్, షాపుకి ఎస్ అని లేబుల్ ఉంది."

"లేబులు సంగతి నాకెందుకు? అంచుకు నీళ్ళు సూడు, మీద మీగడ సూడు. ఇంట్ల పెరుగు లెక్కున్నది."

"నానమ్మా, గ్రాఫ్ చూడు. యు లాస్ట్. జస్ట్ సే ఇట్."

పక్కన ప్రిన్సిపల్ ఉన్నాడు. శ్రీజ ఆయనకు గ్రాఫ్ వివరించింది. ఆయన తలూపాడు. నానమ్మకు ఆ ఇంగ్లీషు ఎంత అర్థమైందో తెలియదు కానీ, ఆయన తలూపడం అర్థమైంది. కాసేపు ఆ గీతనే చూసింది.

"సరే తియ్. ఓడిపోయిన," అంది. తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చింది. "నలభై ఏండ్ల సంది నా చేతులు చెప్పేది తప్పంటున్నరు బిడ్డా. సైన్సు కాదన్నంక ఇగ నేనేందనేది? రేపటి సంది షాపు డబ్బాలకెల్లే తోడేస్త. ఆ పాత తోడు పారబోస్త. ఏమంటవు?"

"చలిగా ఉంది, టీ తీసుకోండి మామ్మగారూ," అన్నాను.

నిజం తెలిసిన మనిషిని ఆ హాలు మొత్తం మీద నేనొక్కదాన్నే. టీ పోశాను.

ఎవరికి ముందు చెప్పాలి

బెవ్ ఏడుంబావుకల్లా వస్తుంది. మర్నాడు నేను ఆమెకంటే ముందే వెళ్ళి కూర్చున్నాను. మొత్తం చెప్పాను.

"ఏ సీసా?" అంది బెవ్.

"ఎస్ ఏడు. మూడూ."

"ఎంత?"

"ఒక్కో స్పూను."

"ఏ స్పూను?"

"నా లంచ్ స్పూను."

బెవ్ ఒక క్షణం కళ్ళు మూసుకుంది. నేను చేసిందాంట్లో ఆమెకు బాగా బాధ కలిగించింది ఆ స్పూనేననుకుంటాను.

"ముందు ఆ పిల్లకు చెప్పు. తర్వాత హెలెన్‌కు. ఈ వరస మార్చకు. ముందు హెలెన్‌కు చెబితే ఇది నీ ఉద్యోగం సంగతి అవుతుంది. ఇది ఆ పిల్ల సంగతి."

ఇన్నేళ్ళలో నేను విన్న అన్నిటికంటే మంచి మాట అది. రాసిపెట్టుకో.

ఎనిమిదింబావుకు శ్రీజ సీసాలు తీసుకెళ్ళడానికి వచ్చింది. తెలుగులోనే చెప్పాను. డ్రిల్లు గంట, తోడుకోని పాలు, నా లంచ్ బాక్స్ అన్నీ. ఆ పిల్ల కదలకుండా వింది. కోపం వస్తుందని ఎదురుచూస్తున్నాను. కానీ ముందు టైము అడిగింది.

"వాట్ టైమ్ ఈజ్ ఇట్?"

"ఎనిమిదీ ఇరవై."

"ఫోన్ కావాలి మిస్."

బడిలో పిల్లల ఫోన్లు లాకర్లలో ఉంటాయి. గోడకున్న ప్రెప్ రూమ్ ఫోన్ ఇచ్చాను. ఇంటి నంబరు నొక్కింది. ఆ పిల్ల నోట వరసగా ఇన్ని తెలుగు వాక్యాలు వినడం నాకు అదే మొదటిసారి.

"నానమ్మా, నేనే. ఆ తోడు పారబొయ్యకు. పారబోసినవా? నువ్వే కరెక్టు. ఎందుకో ఇంటికొచ్చినంక చెప్త. పారబొయ్యకు."

నానమ్మ గొంతు గదంతా వినిపించింది. "పారబోసుడేందే? నేనేమన్న పిచ్చిదాన్నా? ఒక గిన్నెల షాపుది, ఒక గిన్నెల నాది, రెండు పెట్టిన. ఏది మంచిగైతదో సూద్దామని."

ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగింది. అప్పుడొచ్చింది కోపం.

"ప్రిన్సిపల్‌కి చెప్పాను. ఆయన తలూపారు కూడా. యు వర్ రైట్ దేర్, విత్ ద టీ." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఇట్ వాజ్ మై డేటా, ఆంటీ."

బడిలో నన్ను ఆంటీ అనడం అదే మొదటిసారి. గౌరవంతో అన్న మాట కాదది. ఇలాంటి పనులు చేసేది ఆంటీలేనన్నట్టు ఉంది. క్రేను వెల్డింగ్ చేసిన నాన్నల పక్కన నన్ను నిలబెట్టింది. ఆ చోటు నాదే.

హెలెన్ జరిగినదంతా స్కూలు రికార్డు పుస్తకంలో రాసి నా చేత సంతకం పెట్టించింది. ఇంకోసారి జరిగితే ఇక్కడ చోటుండదని మామూలు గొంతుతోనే చెప్పింది. పోటీకి వేరే ప్రాజెక్టు పంపారు. మళ్ళీ మొదటినుంచి చేయడానికి శ్రీజకు టైము లేదు. గ్రాఫ్‌లో ఆరు దగ్గర నిలువుగా ఎర్ర గీత గీసి, "ఇక్కడినుంచి ఇది నా ప్రయోగం కాదు" అని రాసి ఇచ్చింది. బి గ్రేడ్ వచ్చింది. ఆ ఏడాదంతా నాతో "థాంక్యూ మిస్" తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. షాపులో కనిపిస్తే నానమ్మ పలకరించేది. ఆ పిల్ల పక్క వరసలోకి వెళ్ళిపోయేది.

తర్వాత నాకు అర్థమైంది

ఇంట్లో పాలు తోడుకోకపోతే అది లోపం. ప్రయోగంలో పాలు తోడుకోకపోతే అది జవాబు. ఆ బుధవారం మధ్యాహ్నం సీసాల్లో ఉన్నది ఆ పిల్ల వారాలుగా వెతుకుతున్న జవాబే. నేను దాన్ని బాగుచేసి పారేశాను. పైగా ఒకసారి స్పూను వేసి వదిలేయలేదు. నోరు మూసుకున్న మూడు వారాలూ రోజూ వేస్తూనే ఉన్నట్టు లెక్క.

ఇంకొకటి. ఆ వ్యవహారంలో పద్ధతిగా ప్రయోగం చేసింది నానమ్మ. ఓడిపోయానని ఒప్పుకుంది, అయినా ఇంటికెళ్ళి రెండు గిన్నెలూ పెట్టింది. మా అందరికంటే ఎక్కువ చదువుకున్నది ఆవిడ కాదు. కానీ ఎవరో తలూపినంత మాత్రాన తన గిన్నె బోర్లించలేదు.

శ్రీజ కాగితం

రెండేళ్ళ తర్వాత శ్రీజ పన్నెండో తరగతి పూర్తిచేసింది. నాకప్పుడు ఏడో నెల. అదే నా ఉద్యోగంలో చివరి టర్మ్. హెలెన్ ఎప్పటిలాగే కాగితాలు పంచింది. పెట్టె తెరిచి అన్నీ తీశాను. శ్రీజది లేదు. రాయలేదనుకున్నాను. సాయంత్రం గ్యాస్ కుళాయిలు రెండోసారి చూడటానికి వెనక్కి వెళ్తే, ప్రెప్ రూమ్ తలుపు కింద మడిచిన కాగితం ఉంది. నిలబడి చదవడానికి ధైర్యం చాలక, బెవ్ స్టూలు మీద కూర్చుని చదివాను. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో ఇలా అవుతుంది:

"నాకు నచ్చిన ప్రాజెక్టు పదో తరగతిలో పెరుగు. నా మిగతా ప్రాజెక్టుల్లో కూడా తప్పులు ఉండే ఉంటాయి. అవి ఎక్కడున్నాయో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు. దీంట్లో మాత్రం ఏ రోజో, ఏ సీసానో, ఎవరి స్పూనో కూడా తెలుసు. సెలవుల్లో ఇంట్లో మళ్ళీ చేశాను. షాపు తోడు ఆరుసార్లు వచ్చింది. ఏడోసారి రాలేదు. నానమ్మ ఆ సంగతి ఇంకా అందరికీ చెబుతూనే ఉంది."

పేరు రాయలేదు. మిగతా వాటితో పాటు దాన్నీ గోడకు అంటించాను, ఒకప్పుడు మ్యాగ్‌పైల కాగితం అంటించిన ఎత్తులో, అందరికీ కనిపించేలా. బెవ్ వచ్చి చదివి, "ఎవరి స్పూనో అంట," అని నా వైపు చూసి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు పాప గిన్నె మీద గిన్నె పేరుస్తోంది. నాలుగోది పెట్టేసరికి అన్నీ వంగుతాయి. నా చెయ్యి దానంతటదే ముందుకెళ్తుంది. కొన్నిసార్లు వెనక్కి లాక్కోగలుగుతున్నాను. అన్నిసార్లూ కాదు.

రూత్, గ్లాసులు బాగా కడుగు, అది నిజంగా సగం ఉద్యోగం. మిగతా సగం ఇంతే. సీసాలో పాలు తోడుకోకపోతే, తోడుకోలేదని రాయి. టైము రాయి. కింద నీ పేరు రాయి. నీ లంచ్ బాక్స్ స్టాఫ్‌రూమ్‌లోనే ఉండనీ.